వాళ్ళ అబద్ధానికి మన సంతకం

(ఏప్రిల్ 14న పల్లెలో అంబేద్కర్ బొమ్మ దగ్గర జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం బొమ్మకు దండ వేస్తాం, డప్పు కొడతాం, బాబాసాహెబ్ చదివిన చదువులు చెప్పుకుంటాం. ఆ సంగతులు మీకు నాకన్నా బాగా తెలుసు. అందుకని ఈసారి ఒక్క కాగితం గురించే మాట్లాడతాను.

పది రోజుల కిందట ఈ పల్లె కుర్రాడొకడు పొద్దుగూకినాక మా ఇంటికొచ్చాడు. అతన్ని అడిగే ఈ సంగతి ఇక్కడ చెబుతున్నాను. టౌనులో సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే లారీ మీద పని చేస్తాడు. రెండు నెలల కింద ఒక ఇంట్లో ట్యాంకు తోడుతుంటే అడుగున గట్టిపడ్డ మడ్డి పైపుకి అందలేదు. లారీ ఓనరు దిగమన్నాడు. ఈ తమ్ముడితో పాటు పనిచేసే మనిషి నడుముకి తాడు కట్టుకుని దిగాడు. తాడు పట్టుకున్నది ఈ తమ్ముడే. లోపలి నుంచి ఒక్కసారి పిలిచాడంట. మళ్ళీ మాట లేదు. ఇతను కూడా దూకబోతే చుట్టుపక్కలవాళ్ళు పట్టుకుని ఆపారు. ఆపకపోతే ఈ పల్లెలో కూడా ఒక పాడె లేచేది. చనిపోయినాయనకి పెళ్ళాం, ఇద్దరు పిల్లలు.

ఇప్పుడు ఓనరు ఒక కాగితం ఇచ్చాడు. అందులో మూడే వాక్యాలు. ఒకటి, మృతుడు మద్యం సేవించి ఉన్నాడు. రెండు, ఎవరూ చెప్పకుండా తనంతట తానే ట్యాంకులో దిగాడు. మూడు, యజమాని ఇచ్చిన మాస్కు, గ్లౌజులు వాడలేదు. కింద సంతకానికి జాగా వదిలారు. సంతకం పెడితే పని ఉంటుంది, పైన పదివేలు ఇస్తాడంట. పెట్టకపోతే, తాడు పట్టుకుంది నువ్వే గనక కేసు నీ మీదికే వస్తుందన్నాడంట.

"మాస్టారూ, ఏం చేయమంటారు?" అని అడిగాడు. ఆ తమ్ముడికి చెప్పిన జవాబే మీ అందరి ముందూ చెబుతున్నాను. ఎందుకంటే ఇది అతని ఒక్కడి కాగితం కాదు. పొలంలో పాము కరిచి కూలీ చచ్చిపోతే "ఆ రోజు మా పొలానికి రాలేదు" అని చెప్పమంటారు. మిల్లులో చెయ్యి తెగితే "ఇంటికాడ తెగింది" అని ఆసుపత్రిలో రాయించమంటారు. ఇటుక బట్టీలో పిల్లలు పనిచేస్తుంటే, ఆఫీసరు వచ్చిన రోజున "చుట్టాలింటికి వచ్చారు" అని తల్లిచేతే అనిపిస్తారు. ఇట్లాంటి కాగితం మనలో ఎంతమంది ముందుకి రాలేదు?

ముందు ఆ మూడు వాక్యాల సంగతి చూద్దాం. అవి ఆషామాషీగా రాసినవి కావు. చట్టం తెలిసినవాణ్ణి అడిగి రాయించినవి.

తాగి ఉన్నాడు అంటున్నారు. ఎవరు తాగించారు? ఆ కంపు మామూలు మనిషి భరించలేడు. దిగే ముందు క్వార్టరు సీసా కొని చేతిలో పెట్టింది ఓనరే. ఆ సీసానే ఇప్పుడు చచ్చినోడి మీద సాక్ష్యం చేస్తున్నాడు. ఇంకొక సంగతి తెలుసుకోండి. ట్యాంకులో మనిషిని చంపేది మద్యం కాదు, గాలి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుందే, అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. ఆ గాలి బాగా ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. వాసన పోయిందనుకుని దిగినవాడు అక్కడే పడిపోతాడు. వాణ్ణి తీద్దామని దిగిన రెండోవాడూ పడిపోతాడు. తాగినా అంతే, తాగకపోయినా అంతే.

తనంతట తానే దిగాడు అంటున్నారు. ఈ వాక్యం ఎందుకంటే, 2013లో వచ్చిన పాకీ పని నిషేధ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం ఏ మనిషినీ ప్రమాదకరంగా మురుగు కాలవలో గానీ సెప్టిక్ ట్యాంకులో గానీ దించకూడదు. నేరుగానైనా, ఇంకొకడి ద్వారానైనా ఆ పనిలో పెట్టినవాడిదే నేరం. మొదటిసారికి రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బెయిలు ఇవ్వదగిన నేరం కాదని కూడా చట్టంలో రాశారు. ఎవరూ దించలేదు, వాడే దిగాడు అంటే ఇక దించినవాడు లేడు, నేరమూ లేదు. అందుకే ఆ రెండో వాక్యం.

మాస్కు, గ్లౌజులు ఇచ్చాం అంటున్నారు. ఎందుకంటే ఆ చట్టంలో ప్రమాదకరమైన శుభ్రం అంటే ఏమిటో రాసినచోట, యజమాని రక్షణ సామాను ఇవ్వకుండా, జాగ్రత్తలు పాటించకుండా చేయించే పని అని ఉంది. ఇచ్చామని ఒక్క ముక్క రాయించుకుంటే బయటపడొచ్చని వాళ్ళ లెక్క. ఇచ్చిన మాస్కు ఏదని అడగండి. ముక్కుకి కట్టుకున్న తువ్వాలు తప్ప ఆ మనిషి దగ్గర ఇంకేమీ లేదని ఈ తమ్ముడు చెబుతున్నాడు.

ఇప్పుడు డబ్బు లెక్క చూడండి. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు పనిలో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరు 20న ఇంకొక తీర్పులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. పనికిరాకుండా శాశ్వతంగా వికలాంగుడైతే ఇరవై లక్షలకు తగ్గకూడదంది. అంటే ఈ తమ్ముడు పదివేలు తీసుకుని సంతకం పెడితే, ఆ విధవరాలి ముప్పై లక్షలకు అడ్డం పడ్డట్టే. ఇద్దరు పిల్లల చదువు పదివేలకు అమ్మినట్టే. కొనేవాడికి ఇంతకన్నా చవక బేరం ఎక్కడ దొరుకుతుంది?

ఇక నా సంగతి చెప్పాలి. ఇంత ధైర్యంగా మాట్లాడుతున్నానంటే నేనేదో హరిశ్చంద్రుణ్ణి అనుకోకండి. నేను సంతకం పెట్టినవాణ్ణే.

మా నాయన ఒక ఆసామి దగ్గర జీతగాడు. మా అక్క పెళ్ళికి అప్పు తీసుకుంటే, తీసుకున్నదొకటి, నోటు మీద రాసింది ఇంకొకటి. చదవడం రాదు గనక వేలిముద్ర వేశాడు. ఆ ముద్ర తీర్చడానికి ఆరేళ్ళు పట్టింది. అందుకే నన్ను బడికి పంపాడు. "నువ్వు సంతకం నేర్చుకుంటే మనింట్లో ఇంక ముద్ర పడదురా" అనేవాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. టీచరు ఉద్యోగం వచ్చిన రోజున జాయినింగ్ రిపోర్టు మీద నేను పెట్టిన సంతకాన్ని మా నాయన చేత్తో తడిమి చూశాడు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఇది జరిగింది. ఆ బడి పేరు, ఊరి పేరు చెప్పను. బడిలో మరుగుదొడ్లు కడిగే పని పిల్లలకు వంతులేసేవారు. వంతులన్నీ పల్లె పిల్లలకే. ఊరి పిల్లలకు ఒక్క వంతూ లేదు. ఆరో తరగతి ఆడపిల్ల ఒకతి యాసిడ్ సీసా ఎత్తుతుంటే మూత ఊడి కాలి మీద పడింది. పాదం కాలిపోయింది. తల్లి కూలికిపోయే మనిషి. మండల విద్యాధికారికి అర్జీ రాయించి పెట్టింది. విచారణకు వస్తున్నారని తెలిసి హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచాడు.

"మాస్టారూ, బడిలో పిల్లలచేత ఎప్పుడూ కడిగించలేదు, ఆ పిల్ల ఆడుకుంటూ సీసా పడేసుకుంది అని ఒక స్టేట్‌మెంటు రాసివ్వండి. మిగతావాళ్ళు రాసినా నమ్మరు. మీరు వాళ్ళ మనిషి గనక మీరు రాస్తే నమ్ముతారు. మీ ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు గదా, ఆలోచించుకోండి" అన్నాడు.

చూశారా? ఆ స్టాఫు రూములో నా మంచినీళ్ళ గ్లాసు వేరుగా ఉండేది. నా గ్లాసు పనికిరాదు గానీ నా సంతకం పనికొచ్చింది. నా కులం వాళ్ళకు అక్కరకొచ్చింది ఆ ఒక్క రోజే. నేను మా నాయన్ని తలుచుకున్నాను, నెల జీతం తలుచుకున్నాను, చెల్లెలి పెళ్ళి తలుచుకున్నాను. సంతకం పెట్టాను.

మర్నాడు పల్లెకి పోతే ఆ తల్లి వాకిట్లో కూర్చుని ఉంది. ఆమె దగ్గరకీ కాగితం పోయింది, అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని. ముద్ర వేయలేదంట. నాతో ఒక మాట అంది. "నాకు చదువు రాదు మాస్టారూ, అందుకే ముద్ర వేసే ముందు ఇందులో ఏముందని పదిమందిని అడిగాను. నువ్వు మన పిల్లోడివే, చదివినోడివి. చదివే సంతకం పెట్టావు గదా?"

చెప్పుతో కొట్టినా అంత నొప్పి ఉండదు. మా నాయన తెలియక ముద్ర వేశాడు. నేను తెలిసి సంతకం పెట్టాను. అప్పుడు మా తరం చదువు దేనికి పనికొచ్చినట్టు?

మూడో రోజున విచారణాధికారి దగ్గరకు పోయి రెండో స్టేట్‌మెంటు ఇచ్చాను. మొదటిది ఒత్తిడితో రాశాను, నిజం ఇదీ అని వంతుల పట్టీ తేదీలతో సహా రాసిచ్చాను. ఏం జరిగిందంటారా? సినిమాలో జరిగినట్టు ఏమీ జరగలేదు. హెడ్మాస్టరును ఇంకో ఊరికి మార్చారు, అంతే. నాకు మెమో ఇచ్చారు. రెండు బస్సులు మారి పోవాల్సిన ఊరికి వేశారు. ప్రొబేషన్ డిక్లరేషన్ ఏడాది ఆలస్యమైంది. కానీ ఆ బడిలో పల్లె పిల్లల వంతులు ఆగిపోయాయి. ఆ పిల్ల ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు. ఎక్కడ కనపడ్డా నిలబడి మాట్లాడుతుంది. మొదటి సంతకం సంగతి ఆమెకి తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు.

ఒక కాగితం మీద మనం పెట్టే అబద్ధపు సంతకం అక్కడితో ఆగదు. అది నడిచి పోతుంది. ఓనరు దగ్గర్నుంచి పోలీసు స్టేషనుకి, అక్కడి నుంచి మునిసిపాలిటీకి, కలెక్టరాఫీసుకి, రాజధానికి, ఢిల్లీకి. పాకీ పని మీద 1993లోనే ఒక చట్టం వచ్చింది. 2003లో సఫాయి కర్మచారీ ఆందోళన్ సుప్రీంకోర్టుకు పోతే, మా దగ్గర పాకీ పని లేదు, పాకీ దొడ్లు లేవు అని రాష్ట్రాలు ప్రమాణ పత్రాలు రాసిచ్చాయి. ఈ ఉద్యమాన్ని నడిపిన బెజవాడ విల్సన్ మన తెలుగు మాట్లాడే కుటుంబంలో, కోలారు బంగారు గనుల ఊళ్ళో, పాకీ పని చేసేవాళ్ళ ఇంట్లో పుట్టినవాడు. మన రాష్ట్రంలో పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారు ఆ ఉద్యమానికి అండగా నిలబడ్డారు. వాళ్ళంతా ఊరూరా తిరిగి, ఫొటోలు తీసి, ఇదిగో దొడ్డి, ఇదిగో మనిషి అని కోర్టు ముందు పెట్టారు. పదకొండేళ్ళు పోరాడితే 2014 తీర్పు వచ్చింది.

అయినా అబద్ధం చావలేదు. 2021లో పార్లమెంటులో, పాకీ పని వల్ల చనిపోయినట్టు సమాచారం లేదని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. అదే ఏడాది అదే ప్రభుత్వం, మురుగు కాలవలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 941 మంది చనిపోయారని కూడా చెప్పింది. పాకీ పని వేరంట, ట్యాంకులో దిగడం వేరంట! చచ్చినవాడి కులం ఒకటే, ఆ మలమూ ఒకటే, కాగితం మీద మాత్రం పేరు మార్చారు. అంత పెద్ద సభలో చెప్పే మాటకి కింద పునాది ఏమిటి? తనంతట తానే దిగాడు అని మనవాళ్ళచేత పెట్టించిన చిన్న చిన్న సంతకాలు కూడా అందులో ఉన్నాయి. మన శ్రమ తీసుకున్నారు. చివరికి మన సాక్ష్యం కూడా తీసుకుంటున్నారు.

ఇక్కడ ఒకరు అడగొచ్చు. మనం అబద్ధాలు ఆడమా మాస్టారూ, టౌనులో ఇల్లు అద్దెకు కావాలంటే కులం దాచుకోమా అని. దాచుకుంటాం. 1917లో బాబాసాహెబ్ బరోడా సంస్థానంలో కొలువుకు పోయినప్పుడు ఉండటానికి చోటు దొరక్క పారసీ పేరుతో పారసీల సత్రంలో దిగాడు. తెలుసుకుని కర్రలు పట్టుకొచ్చి ఆయన్ని వెళ్ళగొట్టారు. తల దాచుకోవడానికి గతిలేక ఆడే అబద్ధం ఒకటి. దాని పాపం గది ఇవ్వనివాడిది. మనవాణ్ణి చంపినవాణ్ణి కాపాడటానికి ఆడే అబద్ధం ఇంకొకటి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టొద్దు.

భయం లేదా అంటే ఉంది. పొయ్యి వెలగాలి. నేను నెల జీతగాణ్ణి గనక మెమోతో బతికిపోయాను. రోజు కూలీకి మెమో ఇవ్వరు, రేపట్నుంచి రావద్దంటారు. అందుకే ధైర్యంగా ఉండు తమ్ముడూ అని చెప్పి చేతులు దులుపుకుంటే మనది సంఘం కాదు. ఒంటరి మనిషి నిజం చెప్పడం కష్టం. చుండూరు గుర్తు తెచ్చుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఏళ్ళ తరబడి ఎవరి పొలాల్లో కూలి చేశారో వాళ్ళకు ఎదురుగా నిలబడి, అదే ఊళ్ళో పెట్టిన ప్రత్యేక కోర్టులో మనవాళ్ళు సాక్ష్యం చెప్పారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. తీర్పు కొట్టేశారు గానీ ఆ సాక్ష్యాన్ని ఎవరూ కొట్టేయలేరు. ఆ కూలి జనం అన్నేళ్ళు అట్లా నిలబడ్డారంటే ఒక్కొక్కరుగా కాదు, పల్లె పల్లెగా నిలబడ్డారు. వెనకాల ఉద్యమం ఉంది.

ఇప్పుడు పనికొచ్చే మాటలు నాలుగు చెబుతాను. చదువుకున్న పిల్లలు ఇంటికిపోయి మీ అమ్మానాన్నలకు మళ్ళీ చెప్పండి.

ఖాళీ కాగితం మీద సంతకం గానీ ముద్ర గానీ వేయొద్దు. రాసిన కాగితమైతే చదివించుకోండి. ఇంటికి తీసుకుపోయి రేపు ఇస్తానని చెప్పండి. ఇవ్వనంటే అందులో మోసం ఉన్నట్టే.

పోలీసులు దర్యాప్తులో సాక్షి చెప్పింది రాసుకుంటారు. దాని మీద సాక్షి సంతకం పెట్టనక్కర్లేదు. పాత చట్టంలోనూ అంతే, 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ అంతే. ఎవరైనా బెదిరిస్తారనిపిస్తే మేజిస్ట్రేటు ముందే వాంగ్మూలం ఇస్తామని అడగండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద మనం నోటితో ఇచ్చిన ఫిర్యాదును రాసుకుంటే, సంతకం తీసుకునే ముందు అధికారి మనకు చదివి వినిపించాలి. కావాలని అది చేయకపోతే ఆ అధికారిదే నేరం. ఆ చట్టం కింద కేసైతే సాక్షికి రక్షణ, దారి ఖర్చులు అడిగే హక్కు కూడా ఉంది.

కోర్టులో అబద్ధపు సాక్ష్యం చెబితే ఏడేళ్ళ దాకా శిక్ష. రాయించిన ఓనరు లారీలో తిరుగుతుంటాడు, సంతకం పెట్టినోడు జైలుకి పోతాడు. తాడు పట్టుకున్నావు గనక కేసు నీ మీదే అని బెదిరిస్తే బెదరొద్దు. చట్టం అడిగేది పనిలో పెట్టింది ఎవరని.

ఇంతిచ్చాం, ఇక ఏ హక్కూ అడగం అని చచ్చినోడి ఇంటివాళ్ళచేత రాయించుకుంటారు. పనిలో చనిపోయినవాడి పరిహారం హక్కు అట్లాంటి ఒప్పందంతో పోదు. 1923 నాటి చట్టం నుంచీ ఉన్న నియమం ఇది. మాస్కు వేసుకోలేదనే సాకుతో చావు పరిహారం ఎగ్గొట్టడానికి కూడా ఆ చట్టం ఒప్పుకోలేదు. వకీలుకు డబ్బు లేదనుకోవద్దు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలుని ఇస్తారు.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్ళు ఈ సభలో ఉంటే, తలదించుకోవద్దు. నేనూ పెట్టాను. మొదటి కాగితం తప్పని రెండో కాగితం రాయొచ్చు. ఆలస్యమైనా రాయొచ్చు. కోర్టు మెట్లెక్కక ముందే రాస్తే ఇంకా మంచిది.

చివరి మాట. ఆ తమ్ముడు సంతకం పెట్టలేదు. లారీ పని పోయింది. మీ మధ్యలోనే కూర్చుని ఉన్నాడు. మీకందరికీ తెలుసు. చనిపోయినాయన భార్య మన పల్లె మనిషి కాదు, మన ఉపకులం కూడా కాదు. మాల అనీ మాదిగ అనీ రెల్లి అనీ ఇక్కడ లెక్క చూసుకుంటే ఓనరు గెలిచినట్టే.

వచ్చే సోమవారం ఆ ఇద్దరూ కోర్టుకు పోయి వాంగ్మూలానికి అర్జీ పెడుతున్నారు. సంఘం తరఫున నేను సెలవు పెట్టి పోతున్నాను. మనం ముగ్గురమే పోతే గేటు దగ్గర ఓనరు మనుషులు ముప్పై మంది ఉంటారు. ఆ రోజు కూలి మానుకుని ఇంటికొకరు రాగలరా? పని దొరికేదాకా ఆ తమ్ముడింటికి ఇంటికో శేరు బియ్యం పోయగలరా? దండ వేసిన చేతులే ఎత్తి చెప్పండి. పేర్లు ఇప్పుడే, ఈ బొమ్మ దగ్గరే రాసుకుందాం. ఆ జాబితా కింద మొదటి సంతకం నాది.

జై భీమ్.